అబ్రహాము – బ్రహ్మ: చుట్టరికం కలిపితేనే ప్రేమించాలా?



మీలో చాలామందికి ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. పొరుగింటి పెద్దాయనో, ఆఫీసులో మీ పక్క బల్లమీద పనిచేసే మిత్రుడో, మీ అబ్బాయితో కాలేజీలో చదివే కుర్రవాడో ఉన్నట్టుండి అంటాడు: "మీ అబ్రహాము మా బ్రహ్మే కదండీ! ఆయన భార్య సారా మా సరస్వతే కదా! పేర్లు కలపి చూడండి. మూలం ఒక్కటే." అతని గొంతులో వెక్కిరింత ఉండదు. మనల్ని దగ్గరకు తీసుకోవాలనే ఆశ ఉంటుంది. ఇంకోపక్క మనవాళ్ళలోనే కొందరు, "వేదాలలో ఉన్న మంచి అంతా మన పూర్వ నిబంధన నుండి వెళ్ళిందే" అని గట్టిగా వాదిస్తారు. వారి మాటలో ప్రేమకంటె పంతం ఎక్కువ. ఇప్పుడు ఈ రెండు రకాల మాటలూ సెల్‌ఫోన్లలో ఒకరినుండి ఒకరికి పంపకాలై, పొద్దుటికల్లా ఊరంతా తిరిగివస్తున్నాయి.

ఇలాంటి మాట విన్నప్పుడు కతోలిక విశ్వాసి ఏమనాలి? స్నేహం చెడకుండా తల ఊపి ఊరుకోవాలా? కాదని వాదానికి దిగాలా? పైకి ఇది చరిత్ర ప్రశ్నలా కనబడుతుంది. లోపల ఉన్నది నీతి ప్రశ్న. పొరుగువానిని గౌరవించడానికి అతనితో మనకు పూర్వికుల సంబంధం ఉండి తీరాలా? ఒక మంచి పనికోసం నిజం కాని చుట్టరికాన్ని ఒప్పుకోవచ్చా? ఈ వారం కొంచెం ఓపికగా ఈ విషయం ఆలోచిద్దాం.

పేర్ల సంగతి

ముందు పేర్ల దగ్గరకు వెళదాం. హీబ్రూ భాషలో "అబ్" అంటే తండ్రి. అబ్రాము అంటే ఉన్నతుడైన తండ్రి. దేవుడు ఆయన పేరును అబ్రహాముగా మార్చి, అనేక జాతులకు తండ్రివి అవుతావని దానికి అర్థం చెప్పినట్లు ఆదికాండము 17వ అధ్యాయంలో చదువుతాం. సారా అంటే రాకుమారి. బ్రహ్మ అనే మాటకు మూలం సంస్కృతంలోని "బృహ్" అనే ధాతువు. పెరగడం, విస్తరించడం దాని అర్థం. సరస్వతిలో ఉన్నది "సరస్సు". నీరు నిండినది అని అర్థం. అది మొదట ఒక నది పేరు. హీబ్రూ ఒక భాషా కుటుంబానికి చెందింది, సంస్కృతం మరో కుటుంబానికి చెందింది. చెవికి దగ్గరగా వినిపించినా ఈ పేర్ల వేళ్ళు వేరువేరు నేలల్లో ఉన్నాయి.

తెలుగువారికి ఇది తేలికగా అర్థం కావాలి. గెత్సెమని తోటలో ప్రభువు తండ్రిని "అబ్బా" అని పిలిచారని మార్కు సువార్త చెబుతున్నది. అది అరమాయిక్ మాట. మన పల్లెల్లో "అబ్బ" అన్నా తండ్రే. అంతమాత్రాన ప్రభువు తెలుగు మాట్లాడారని ఎవరైనా అంటారా? పసిబిడ్డ పెదవులు కలిపి చేసే మొదటి శబ్దాలు పకార, బకార, మకారాలు. అందుకే లోకంలో అనేక భాషల్లో అమ్మా నాన్నల పేర్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి. అబ్రహాము కుటుంబం బయలుదేరిన పట్టణం పేరు "ఊర్". మనకు "ఊరు" అంటే ఊరే. అది సుమేరియనుల పట్టణం పేరు. మన మాట ద్రావిడ భాషలది. శబ్దం ఒక్కటైనంత మాత్రాన సంబంధం ఉన్నట్లు కాదు.

మాటల పోలికను ఎలా తూచాలో నేర్పిన పాఠాలలో ఒకటి మన భాష గురించే వచ్చింది. మన తెలుగులో సంస్కృత పదాలు కొల్లలు. అందువల్ల తెలుగు సంస్కృతంలోనుండే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 1816లో మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగు, తమిళం, కన్నడం వేరే ఒక కుటుంబమని ధాతువులు చూపించి నిరూపించాడు. అరువు తెచ్చుకున్న మాట వేరు, పుట్టుకతో వచ్చిన మాట వేరు అన్నది ఆ పాఠం. ఈ ఎల్లిస్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నిజంగా ఉన్న సంబంధాలు

అయితే భారతదేశానికీ పవిత్ర గ్రంథం పుట్టిన దేశాలకూ ఏ సంబంధమూ లేదా? ఉంది. ఊహలకంటె అది ఎంతో అందంగా కూడా ఉంది.

క్రీ.పూ. 2300 ప్రాంతంలో అక్కదు రాజు సర్గోను, మెలుహ్హా ఓడలు తన రేవులో నిలిచాయని శాసనంలో గర్వంగా చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు నదీ ప్రాంతమేనని పండితులలో చాలామంది అభిప్రాయం. 1922 నుండి 1934 వరకు లెనర్డ్ వూలీ ఊర్ పట్టణాన్ని తవ్వినప్పుడు సింధు నాగరికత ముద్రలను పోలిన ముద్రలు అక్కడ దొరికాయి. అంటే ఆదికాండము అబ్రహాము పుట్టిల్లుగా చెప్పే పట్టణపు బజారులో మన దేశపు సరుకు అమ్ముడుపోయింది.

ఇంకొకటి చూడండి. టర్కీ దేశంలోని బోగజ్‌కోయ్‌లో మట్టి పలకల మీద ఒక సంధి పత్రం దొరికింది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిత్తీయుల రాజుకూ మితాన్ని రాజుకూ మధ్య జరిగిన ఒడంబడిక అది. దానిలో సాక్షులుగా పిలిచిన దేవతల జాబితాలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లు ఉన్నాయి. వేదాలలో కనిపించే పేర్లే! అదే చోట కిక్కులి అనే మితాన్ని అశ్వ శిక్షకుడు రాయించిన గ్రంథంలో ఐక, తేర, పంజ, సత్త, నవ అనే లెక్కలు ఉన్నాయి. ఏక, త్రి, పంచ, సప్త, నవ తెలిసిన మనకు వాటికి అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. అబ్రహాము కుటుంబం కొంతకాలం నివసించిన హారాను పట్టణం ఆ మితాన్ని రాజ్యంలోనిదే. కాని సంప్రదాయం అబ్రహామును ఈ పత్రానికి కొన్ని శతాబ్దాల ముందు ఉంచుతుంది. ఆ పలకలమీద అబ్రహాము పేరు లేదు, హెబ్రీయుల విశ్వాసం ప్రస్తావన లేదు. ఆ సాక్ష్యం ఎంతవరకు పలుకుతుందో అంతవరకే మనమూ పలకాలి.

ఆపైన వర్తకం. సొలోమోను రాజు ఓడలు మూడేళ్ళకొకసారి బంగారం, వెండి, ఏనుగు దంతం, కోతులు, నెమళ్ళు తెచ్చేవని రాజుల మొదటి గ్రంథం 10వ అధ్యాయంలో ఉంది. అక్కడ నెమళ్ళు అని అనువదించే హీబ్రూ మాట "తుక్కీయిం". తమిళంలో నెమలి పింఛాన్ని "తోగై" అంటారు. మన "తోక" దాని తోబుట్టువే. ఆ హీబ్రూ మాట దక్షిణ భారతం నుండి వెళ్ళిందని ఎందరో పండితులు భావించారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. ఎస్తేరు గ్రంథం మొదటి అధ్యాయంలో రాజమందిరంలో వేలాడదీసిన తెరల బట్టకు వాడిన మాట "కర్పాస్". అది సంస్కృత "కార్పాసం", అంటే మన పత్తి. అదే గ్రంథం మొదటి వచనంలో ఆ రాజ్యం 127 సంస్థానాలతో భారతదేశం నుండి కూషు వరకు వ్యాపించినదని ఉంది. అక్కడ హీబ్రూలో మన దేశం పేరు "హోదు". సింధు అనే నది పేరు పర్షియనుల నోట "హిందు" అయింది, హెబ్రీయుల నోట "హోదు" అయింది, గ్రీకుల నోట "ఇందోస్" అయి చివరకు ఇండియా అయింది. హిందువు అనే పేరుకూ, హీబ్రూ బైబులులో మన దేశపు పేరుకూ మూలం ఒకే నది. ఇది కల్పన కాదు, నిరూపించగల సంగతి.

వీటన్నిటిలో మన మనసుకు దగ్గరది ఒకటుంది. బెతానియలో మరియ ప్రభువు పాదాలకు పూసిన పరిమళ తైలం నార్దు. పరమగీతంలోనూ ఆ పేరే ఉంది. దాని సంస్కృతపు పేరు "నలదం". అది హిమాలయాల ఎత్తులలో పెరిగే జటామాంసి వేరునుండి తీసే పరిమళం. దాని వెల 300 దెనారాలని యోహాను సువార్త చెబుతున్నది. ఒక దెనారము కూలివాని ఒకరోజు కూలి. అంటే దాదాపు ఏడాది కూలి డబ్బు. ప్రభువు భూస్థాపనకు గుర్తుగా ఆ ఇంటిని నింపిన సువాసన మన కొండలనుండి ఒంటెల మీద, ఓడల మీద ప్రయాణం చేసి వెళ్ళింది. ఈ నిజం ఉండగా బ్రహ్మను అబ్రహాముగా మార్చే శ్రమ మనకెందుకు?

కావలసిన జవాబే దొరికిన కథ

ఈ రెండు జాతులను కలపాలనే ఆశ కొత్తదేమీ కాదు. యూదులు భారతీయ తత్త్వజ్ఞుల సంతతి అని అరిస్టాటిల్ అన్నట్లు అతని శిష్యుడు క్లియార్కస్ రాసిన మాటను, మొదటి శతాబ్దపు యూద చరిత్రకారుడు జోసీఫస్ తన గ్రంథంలో ఎత్తి రాశాడు. 18వ శతాబ్దంలో ఐరోపాలో ఈ ఆశ జ్వరంలా పట్టుకుంది. అప్పుడు జరిగిన రెండు కథలు ప్రతి విశ్వాసి తెలుసుకోదగినవి.

మొదటిది కాశీలో జరిగింది. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి ఫ్రాన్సిస్ విల్ఫర్డ్ మన పురాణాలలో బైబులు సంగతులకోసం వెదికాడు. తనకు సాయపడుతున్న పండితునికి నోవా మొదలైనవారి కథలు ముందుగా తానే చెప్పాడు. ఇలాంటివి మీ గ్రంథాలలో ఉన్నాయా అని అడిగాడు. కొన్నాళ్ళకు ఉన్నాయని పండితుడు తెచ్చి చూపించాడు. సత్యవర్మ అనే రాజు, అతనికి శర్మ, చర్మ, జ్యాపేతి అని ముగ్గురు కుమారులు. షేము, హాము, యాఫెతులే! తండ్రి మత్తులో పడి ఉంటే ఒక కొడుకు నవ్వాడట, శాపం పొందాడట. విల్ఫర్డ్ సంతోషానికి అంతులేదు. 1792లో ఏషియాటిక్ రీసెర్చెస్ అనే పత్రికలో అది అచ్చయింది. అంతటి పండితుడు సర్ విలియం జోన్స్ కూడా నమ్మి దానిని అనువదించాడు. తరువాత పాత ప్రతులతో పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. పండితుడు కొన్నిచోట్ల పేర్లు దిద్దాడు, కొన్నిచోట్ల తానే శ్లోకాలు కట్టి ప్రతులలో కలిపాడు. 1805లో విల్ఫర్డ్ అదే పత్రికలో, తాను మోసపోయానని లోకానికి చెప్పుకున్నాడు.

ఇక్కడ తప్పంతా పండితునిదేనా? ఆలోచించండి. జవాబు ముందే చెప్పి ప్రశ్న అడిగింది దొర. ఆ జవాబు తెస్తే సంతోషించి ఆదరించేదీ దొరే. బీదవాడు యజమానికి కావలసింది తెచ్చి ఇచ్చాడు. మనం ఒక మాట ఎంత గాఢంగా వినాలనుకుంటామో, అంత తేలికగా మోసపోతాం. వెదికేవాని నిజాయితీ అతడు అడిగే ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

రెండో కథ మనకు మరింత దగ్గరది, కనుక మరింత బాధాకరమైనది. "ఎజూర్ వేదం" అనే ఫ్రెంచి రాతప్రతి ఒకటి 1760లో వోల్టేర్ చేతికి చేరింది. అది యజుర్వేదానికి అనువాదమని చెప్పారు. మొదటి మనిషి పేరు ఆదిమో అని దానిలో ఉంది. వోల్టేర్ దాన్ని ఎంతో విలువైన ప్రాచీన గ్రంథంగా భావించి 1761లో పారిస్ రాజ గ్రంథాలయానికి ఇచ్చాడు. ఆదాము కథ యూదులకంటె ముందు భారతీయులదేనని శ్రీసభను ఎత్తిపొడవడానికి వాడుకున్నాడు. 1778లో అది అచ్చయింది. అది నిజమైన వేదం కాదని 1782లోనే సొన్నెరా అనే ఫ్రెంచి యాత్రికుడు చెప్పాడు. పైన చెప్పిన ఎల్లిస్ పుదుచ్చేరిలో దాని మూల ప్రతులను పరిశీలించి రాసిన వ్యాసం, అతని మరణానంతరం 1822లో వెలువడింది. అది ఐరోపా వేదబోధకుల సొంత రచన. హిందువులను విగ్రహారాధన నుండి మళ్ళించాలనే ఉద్దేశంతో వేదం రూపంలో కట్టిన సంభాషణ అది.

చూశారా, ఎంత విచిత్రమో! విశ్వాసాన్ని వ్యాపింపజేయడానికి రాసిన పుస్తకం విశ్వాసాన్ని ఎగతాళి చేసేవాని చేతిలో ఆయుధమైంది. ఉద్దేశం మంచిదే కదా అనవచ్చు. దేవుడిచ్చిన పది ఆజ్ఞలలో ఎనిమిదవది అబద్ధసాక్ష్యం పలకవద్దంటుంది. "మంచి పనికోసమైతే పలకవచ్చు" అనే మినహాయింపు దానిలో లేదు. అబద్ధం మన చేతిలో ఉన్నంతసేపే మన మాట వింటుంది. చేయి దాటాక అది ఎవరికి దొరికితే వారికి చాకిరీ చేస్తుంది.

దీనికి ఎదురుగా ఇంకొక గురువును తలచుకోవడం న్యాయం. గాస్తోన్ లోరాన్ కేర్దూ అనే యేసుసభ గురువు మన తెలుగు దేశంలోనే సేవచేసి, తెలుగు, సంస్కృతం చక్కగా నేర్చుకున్నారు. 1767లో పారిస్‌లోని విద్వత్ సభకు లేఖ రాస్తూ సంస్కృత పదాలు లతీను, గ్రీకు పదాలను పోలి ఉండడం చూపించి, ఎందువల్ల అని అడిగారు. అదే విషయాన్ని జోన్స్ కలకత్తాలో ప్రకటించింది 1786లో. కేర్దూ గారి పట్టికలు నేటికీ చెల్లుతాయి. దానికి ఆయన ఇచ్చిన కారణం మాత్రం ఆ కాలపు అలవాటు ప్రకారం యాఫెతు సంతతి చెదరిపోవడం అన్నది. పండితులు ఇప్పుడు దానిని అంగీకరించరు. అయినా కళ్ళతో చూసినదాన్ని ఆయన మార్చి రాయలేదు. అందుకే ఆయన ఊహ పోయినా ఆయన పని నిలిచింది.

పోలిక ఉన్నచోట తేడా కూడా చూడాలి

పోలికలన్నీ కల్పనలు కావు. జలప్రళయ కథ తీసుకోండి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటుండగా ఒక చిన్న చేప వచ్చి తనను కాపాడమంటుంది. ఆయన దాన్ని పెంచుతాడు. అది పెద్దదై, వరద వచ్చినప్పుడు ఆయన ఓడను ఉత్తర పర్వతానికి లాగుకొనిపోతుంది. భాగవతంలో ఆ కథానాయకుడు ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు. బాబిలోనియాలోనూ ఇలాంటి కథ ఉన్నదని 1872లో జార్జ్ స్మిత్ మట్టి పలకలు చదివి చెప్పినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. నోవా కథకు ఆ బాబిలోనియా కథతో దగ్గర సంబంధం ఉన్నదని పండితులు ఒప్పుకుంటారు. మనువు కథ సంగతి అంత స్పష్టంగా తేలలేదు.

ఈ కథలను ఒకటే అని కలిపివేస్తే మనం ఏమి పోగొట్టుకుంటామో చూడండి. శతపథ బ్రాహ్మణంలో వరద ఎందుకు వచ్చిందో చెప్పరు. అక్కడ మెరిసేది మనువు దయ. అరచేతిలో ఇమిడే ప్రాణిని కాపాడినవాణ్ణి ఆ ప్రాణే కాపాడింది. ఆదికాండములో వరదకు కారణం స్పష్టం: భూమి దౌర్జన్యంతో నిండిపోయింది. చివరన దేవుడు నోవాతోనే కాదు, సమస్త ప్రాణులతో నిబంధన చేసుకొని మేఘంలో ఇంద్రధనుస్సును గుర్తుగా ఉంచుతాడు. ఒకటి దయను గురించి, మరొకటి న్యాయాన్ని, దేవుని మాట నమ్మకాన్ని గురించి. రెండింటినీ కలిపి ఒకే కషాయం కాస్తే రెండు మందుల గుణమూ పోతుంది.

విశ్వాసం విషయంలోనూ అంతే. హెబ్రీయులకు దేవుడు ఐగుప్తులో బానిసల మొర విని చరిత్రలోకి దిగివచ్చినవాడు. ఆ విశ్వాసంలోనుండి మృతుల పునరుత్థానం అనే నిరీక్షణ వచ్చింది. హిందూ దర్శనాలు ఆత్మనూ కర్మనూ జన్మపరంపరనూ దానినుండి మోక్షాన్నీ గురించి వేల ఏళ్ళు లోతుగా చింతించాయి. "రెండూ ఒకటే" అనేవాడు రెండింటిలో ఒకదానినైనా శ్రద్ధగా చదవలేదన్నమాట. మీ తల్లిని చూసి ఎవరైనా "అందరు ఆడవాళ్ళూ ఒకటే" అంటే మీరు దాన్ని గౌరవమనుకోరు కదా!

కొన్ని పోలికలు చుట్టరికం లేకుండానే పుడతాయి. మండుచున్న పొద దగ్గర మోషేను చెప్పులు విప్పమని దేవుడు ఆజ్ఞాపించాడు. మన ఊళ్ళలో హిందువులు గుడి బయట, మనం దేవాలయం బయట చెప్పులు విడుస్తాం. ఎవరినుండి ఎవరు నేర్చుకున్నారని లెక్కలు తీయడమెందుకు? పవిత్రమైనదాని ఎదుట మనిషి పాదం తనంతట తానే తడబడుతుంది. ఆ హృదయాన్ని చేసినవాడు ఒక్కడే.

ఒకే తాత ఉంటే చాలునా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "పూర్వికులు ఒక్కరే అని తేలితే మతకలహాలు పోతాయి కదా, కాస్త అటూ ఇటూ అయినా ఒప్పుకుంటే ఏం?" అని మంచి మనసుతో అడిగేవారున్నారు. వారికి సువార్తలోనే జవాబుంది.

యూదులకూ సమరీయులకూ తండ్రి యాకోబు ఒక్కడే. ధర్మశాస్త్రం ఒక్కటే. సూకారు దగ్గర బావి గట్టున సమరీయ స్త్రీ ప్రభువుతో, ఆ బావి మా తండ్రి యాకోబు ఇచ్చినదని చెప్పింది. అది ఆయన జాతికీ తండ్రే. అయినా ఆ రెండు జాతులు ఒకరి పాత్రలో ఒకరు నీళ్ళు తాగేవారు కారు. చుట్టరికం వారిని కలపలేదు. కయీను ఆబేలులు ఒక తల్లి బిడ్డలు. కౌరవ పాండవులది ఒకే వంశం. మన ఊళ్ళో కోర్టుకెక్కిన పొలం తగాదాలు లెక్కపెట్టండి: అన్నదమ్ములవి ఎన్ని, అపరిచితులవి ఎన్ని?

ఇంకొక సంగతి. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్ర బోధకుడు అడిగినప్పుడు ప్రభువు వంశవృక్షం తీయలేదు. దారిలో గాయపడి పడి ఉన్నవాని కథ చెప్పారు. గాయపడినవాడు ఏ వంశమో సమరీయుడు అడిగినట్లు ఆ కథలో లేదు. అబ్రహాము మా తండ్రి అని అతిశయించేవారితో స్నాపక యోహాను, దేవుడు ఈ రాళ్ళనుండి కూడ అబ్రహామునకు సంతానాన్ని కలిగించగలడని హెచ్చరించాడు. అబ్రహాము సంతతి కావడమే గొప్ప అనుకున్నవారికే ఆ మాట చెప్పితే, అబ్రహాముతో లేని చుట్టరికం కల్పించుకొని మనం సాధించేదేమిటి?

పైగా అబ్రహాము కథలోనే ఒక చక్కని పాఠం ఉంది. ఆయన యుద్ధంనుండి తిరిగి వస్తుండగా షాలేము రాజైన మెల్కీసెదెకు రొట్టె, ద్రాక్షరసం తెచ్చి ఆయనను ఆశీర్వదించాడు. ఆయన సర్వోన్నతుడైన దేవుని యాజకుడు. అయితే అబ్రహాము వంశస్థుడు కాడు. అబ్రహాము ఆయనను నీవు మావాడివేనా అని అడగలేదు. ఆశీర్వాదం తీసుకొని పదవ వంతు సమర్పించాడు. ఆ మెల్కీసెదెకు పేరును నేటికీ దివ్యబలి పూజలోని మొదటి కృతజ్ఞతా ప్రార్థనలో మనం తలచుకుంటున్నాం. తన వంశానికి వెలుపల ఉన్న పవిత్రతను వెలుపలనే ఉంచి గౌరవించగలగడం విశ్వాసులకు తండ్రియైన అబ్రహాము మనకు చూపిన దారి.

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన "మన కాలములో" అనే ప్రకటన ఈ దారినే చూపింది. హిందూమతం నుండి ధ్యానాన్ని, తపస్సును, దేవునిపై ప్రేమతో కూడిన శరణాగతిని గౌరవంతో పేర్కొన్నది. యూదులతో మనకున్న ప్రత్యేక బంధాన్ని వేరుగా చెప్పింది. ఒకదానిని మరొకదానిలో కలపలేదు. మానవజాతి అంతటికీ మూలం ఒక్కటే అని కూడా అన్నది. అయితే ఆ ఒక్క మూలం ఏ రాజో ఋషో కాదు, మనుషులందరినీ సృజించిన దేవుడు. మనకు కావలసిన చుట్టరికం అదే. దానికి తాళపత్రాల సాక్ష్యం అక్కరలేదు.

మన గుమ్మం ముందున్న ప్రశ్న

ఈ సంగతి మన నేలమీద కూడా నడుస్తున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు తమను ఎఫ్రాయీము సంతతివారమని, బెనె ఎఫ్రాయీమని చెప్పుకొని యూద ఆచారాలు పాటిస్తున్నాయి. పరిశోధకులు వారిపై 2013లో గ్రంథమే ప్రచురించారు. వారు తరతరాలుగా అంటరానితనం భరించిన మాదిగ కుటుంబాలవారు. యూద ఆచారాలలోకి రాకముందు క్రైస్తవులుగా ఉన్నవారు. వారి పూర్వికులెవరో తీర్పు చెప్పడం మన పని కాదు. కాని మనం మనల్ని అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మనిషికి తన ఊళ్ళో, తన సంఘంలో దొరకని గౌరవం వేల మైళ్ళ దూరంలో, వేల ఏళ్ళ వెనుక వెదుక్కోవలసి వస్తే, ఆ దూరం పెంచింది ఎవరు?

జ్ఞానస్నానం పొందినవారందరూ దేవుని బిడ్డలేనని నేర్పే మన విచారణలలో కులం పేరుతో వేరు బల్లలు, వేరు సమాధుల తోటలు ఉన్నచోట్లు మనం ఎరుగుదుం. శ్రీసభలోపలే దళితులపట్ల వివక్ష ఉన్నదని ఒప్పుకొని, దానిని తొలగించడానికి భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో ఒక విధానాన్ని ప్రకటించవలసి వచ్చింది. అబ్రహాము, బ్రహ్మ ఒక్కరేనా అని తీరిగ్గా చర్చించుకొనే మనం, పక్క వీధివాడు మనలాంటివాడేనా అన్న ప్రశ్న దగ్గర తడబడుతున్నాం. మొదటిదానికి ఎలాంటి జవాబు చెప్పినా తీర్పుదినాన మనల్ని అడగరు. రెండోదాన్ని తప్పక అడుగుతారు.

కాబట్టి ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇలాంటి మాట ఇంటికి తెచ్చినప్పుడు కసురుకోకండి, నవ్వి ఊరుకోకండి. దగ్గర కూర్చోబెట్టుకోండి. నిజమైనవి చెప్పండి: సింధు నది పేరు బైబులులోకి ఎలా వెళ్ళిందో, మన కొండల జటామాంసి బెతానియకు ఎలా చేరిందో చెప్పండి. కాశీ పండితుని కథ చెప్పి, నచ్చిన మాటను మరింత జాగ్రత్తగా పరీక్షించడం నేర్పండి. చేతిలోని ఫోనుకు వచ్చినది నిజమో కాదో తెలియనప్పుడు ఇంకొకరికి పంపకపోవడం కూడా ఎనిమిదవ ఆజ్ఞను పాటించడమేనని నేర్పండి.

అబ్రహాము మా బ్రహ్మే కదా అని మీ హిందూ మిత్రుడు అన్నప్పుడు ఇలా చెప్పవచ్చు: "కాదనుకుంటానండీ. మా అబ్రహాము వేరు, మీ బ్రహ్మ వేరు. అయినా మీరు మాకు కావలసినవారే. మీ పండుగకు మేము వస్తాం, మా క్రిస్మసుకు మీరు రండి. మీ గ్రంథంలో మనువు చేపను ఎలా కాపాడాడో మా పిల్లలకు మీరే చెప్పండి. మా నోవా కథ మీ పిల్లలకు మేము చెబుతాం." అతడు నొచ్చుకోడు. తనను తనలాగే ఉండనిచ్చి ప్రేమించేవాడు దొరికాడని సంతోషిస్తాడు.

సత్యాన్ని ప్రేమతో పలకడం పునీత పౌలుగారు ఎఫెసు క్రైస్తవులకు నేర్పిన పాఠం. ప్రేమ లేని సత్యం రాయిలా తగులుతుంది. సత్యం లేని ప్రేమ మొదటి వానకే కూలే మట్టిగోడ. ఈ రెండూ కలిసి ఉండే మనసును మన కుటుంబాలకు దయచేయమని ప్రభువును వేడుకుందాం.